చెన్నై ఎండలో ఎస్‌ఎంపీఎస్: బిగించే తీరు, గాలి నడిచే దారి

(చెన్నైలో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని పవర్ సప్లైని, అంటే మనం దుకాణంలో ఎస్‌ఎంపీఎస్ అని అడిగి కొనే పెట్టెను, క్యాబినెట్‌లో ఎలా బిగించాలి, దాన్ని ఎలా చల్లగా ఉంచాలి అన్నది ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం. రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్ సామాను కొనేవాళ్లను కాసేపు గమనించండి. ప్రాసెసర్ గురించి అరగంట, గ్రాఫిక్స్ కార్డు గురించి గంట చర్చించినవాళ్లు ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి వచ్చేసరికి "ఎన్ని వాట్లు?" అన్న ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంటారు. ఆ ప్రశ్న తప్పు కాదు గాని, ఈ ఊళ్లో అది సగం ప్రశ్న మాత్రమే. ఆ పెట్టె ఎక్కడి గాలిని పీలుస్తుంది, పీల్చే చోట ఆ గాలి ఎన్ని డిగ్రీలుంటుంది అన్నది మిగతా సగం. నేను చెప్పబోయేదంతా ఆ రెండో సగం గురించే.

ముందు ఆ పెట్టె లోపల జరిగే పని ఏమిటో చూద్దాం. గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును అది మొదట డీసీగా మారుస్తుంది. ఇప్పటి మంచి యూనిట్లలో ఆ దశలో వోల్టేజీ 380 నుంచి 400 దాకా పెరిగి, ఒక లావుపాటి కెపాసిటర్‌లో నిలవ ఉంటుంది. తరువాత ట్రాన్సిస్టర్లు ఆ డీసీని సెకనుకు పదుల వేల సార్లు ఆపుతూ వదులుతూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతాయి. దాని అవతలి పక్కన 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులుగా కరెంటు బయటికి వస్తుంది. ప్రతి అంచెలోనూ కొంత శక్తి వేడిగా పోతూనే ఉంటుంది, అలా పోయింది పోగా పనికి వచ్చేది ఎన్ని శాతం అన్నదే సామర్థ్యం. లెక్క వేసి చూపిస్తాను. ఆటలాడేటప్పుడు 350 వాట్లు వాడుకునే కంప్యూటర్ ఒకటి ఉందనుకోండి. ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం 90 శాతమైతే, అది గోడ నుంచి సుమారు 389 వాట్లు తీసుకుని, అందులో 39 వాట్లను తన పెట్టెలోనే వేడిగా మిగుల్చుకుంటుంది. సామర్థ్యం 80 శాతమే అయితే, గోడ నుంచి 437 వాట్లు తీసుకుని 87 వాట్లు వేడిగా మిగుల్చుకుంటుంది. సామర్థ్యంలో తేడా పది శాతమే అయినా, పెట్టె లోపలి వేడి రెండింతలు దాటింది. "పది శాతానికి రెండు వేల రూపాయలు ఎక్కువ పెట్టాలా?" అని అడిగేవాళ్లకు నేను ఈ రెండు అంకెలే కాగితం మీద వేసి చూపిస్తాను.

మిగిలిన 350 వాట్లు ఎక్కడికి పోతాయని కూడా అడగాలి. అవి ప్రాసెసర్‌లో, గ్రాఫిక్స్ కార్డులో, మెమరీలో వేడిగా మారి అదే క్యాబినెట్‌లోకి, అక్కడినుంచి గదిలోకి వస్తాయి. ఒక టన్ను ఏసీ తీసేయగల వేడి దాదాపు 3,500 వాట్లు. మనం చెప్పుకున్న కంప్యూటర్ ఒక్కటే అందులో తొమ్మిదో వంతు ఖర్చు చేయిస్తుంది. ఏసీ లేకుండా, తలుపులు వేసుకుని, డాబా కింద పై అంతస్తులో ఉన్న గదిలోనైతే, సాయంత్రానికి గది వేడెక్కడంలో ఈ కంప్యూటర్ వాటా కూడా ఉంటుంది.

దుకాణంలో డబ్బా మీద మీకు 80 ప్లస్ అన్న ముద్ర, దాని పక్కన బ్రాంజ్, గోల్డ్, ప్లాటినం వంటి మాటలు కనిపిస్తాయి. 2004లో అమెరికాలో మొదలైన ఈ ధ్రువీకరణ చాలా మేలు చేసింది. అంతకుముందు సామర్థ్యం గురించి కొనేవాడికి చెప్పే నాథుడే లేడు. అయితే ఆ పరీక్షలు జరిపేది 23 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే గదిలో. మనకు 23 డిగ్రీలు దొరికేది మార్గశిరంలో తెల్లవారుజామున, లేదా ఏసీ పెట్టిన గదిలో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్నది గోదావరి, గుంటూరు సీమల ఎండలను చూసి కావచ్చు గాని, చెన్నై దానికి మినహాయింపేమీ కాదు. ఇక్కడ సముద్రపు గాలి మధ్యాహ్నానికి రావలసింది, ఆలస్యమైన రోజున ఎండ ఇంకా పైకి ఎక్కుతుంది. 2003 మే నెలాఖరున నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది.

సామర్థ్యం ముద్ర ఒకటైతే, వాట్ల అంకె ఇంకొకటి. 650 వాట్లు అని రాసి ఉన్న ఎస్‌ఎంపీఎస్ ఎన్ని డిగ్రీల గాలిలో 650 వాట్లను ఆగకుండా ఇవ్వగలదో కంపెనీ తన వివరాల పత్రంలో రాస్తుంది. కొందరు 50 డిగ్రీల దగ్గర హామీ ఇస్తారు, కొందరు 40 దగ్గరే ఆగిపోతారు, చవకరకాల మీద ఆ ఊసే ఉండదు. 40 డిగ్రీలు అని రాసినదాన్ని చూసి మన గది 36 కదా అని ఊరట పడకూడదు, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది గది వేడి కాదు, ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను నోటి దగ్గరి గాలి వేడి. గ్రాఫిక్స్ కార్డు కింద, క్యాబినెట్ లోపలి గాలి గదికంటే పది డిగ్రీలు ఎక్కువగా ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. గది 36 అయితే అక్కడ 46. అంటే 40 డిగ్రీల హామీ ఉన్న యూనిట్, అది ఏ వేడిలో పరీక్షకు నిలబడిందో దానికి మించిన చోట రోజూ పని చేస్తోందన్నమాట.

పని చేస్తోంది కదా, ఏమవుతుందని అనుకోవచ్చు. ఆ రోజు ఏమీ కాదు. కెపాసిటర్ల సంగతి తెలిస్తే తరువాత ఏమవుతుందో అర్థమవుతుంది. ఎస్‌ఎంపీఎస్ లోపల ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ఒక రకమైన ద్రవం ఉంటుంది, వేడికి అది కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. 105 డిగ్రీలు, 2,000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్‌ను తీసుకోండి. వేడి పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ దాని ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. ఆ లెక్కన అది 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు, 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు బతుకుతుంది. రోజుకు ఎనిమిది గంటలు వాడే ఇంట్లో మొదటిది అయిదున్నర సంవత్సరాలకు, రెండవది పదకొండు సంవత్సరాలకు వస్తుంది. దాని గుండా అలల్లా హెచ్చుతగ్గులవుతూ పోయే కరెంటు కూడా దాన్ని లోపలినుంచి వేడెక్కిస్తుంది కాబట్టి అసలు లెక్క ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. అయినా ఫ్యాను పీల్చే గాలిని పది డిగ్రీలు చల్లబరిస్తే పెట్టె ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్న మాట మాత్రం నిలుస్తుంది. చవకరకాల్లో 85 డిగ్రీల కెపాసిటర్లు వేస్తారు. అవి మొదలుపెట్టడమే రెండు మెట్లు కిందనుంచి. ఫ్యాను బేరింగులోని నూనె కూడా ఇదే దారిన పోతుంది. చవక స్లీవ్ బేరింగు ఫ్యాను రెండు వేసవులు గడిచేసరికి కిచకిచమనడం మీలో చాలామంది వినే ఉంటారు.

ఇక బిగింపు దగ్గరికి వద్దాం. అసలు చిక్కంతా ఫ్యాను ఏ వైపుకు తిరిగి ఉండాలన్న దగ్గరే ఉంది.

ఇప్పుడు మార్కెట్లో ఉన్న క్యాబినెట్లలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ స్థానం అడుగున, వెనక మూలలో ఉంటుంది. యూనిట్‌కు ఒక పక్కన 120 లేదా 135 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాను, వెనక జాలీ, పవర్ తీగ పెట్టే చోటు ఉంటాయి. ఫ్యాను గాలిని లోపలికి పీల్చి, వేడెక్కిన గాలిని వెనక జాలీగుండా బయటికి తోస్తుంది. క్యాబినెట్ అడుగున జాలీ, దాని కింద తీసి కడుక్కోగల ఫిల్టరు ఉంటే ఫ్యానును కిందికి తిప్పి బిగించండి. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ గది గాలినే నేరుగా తీసుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఎంత మండినా దానితో దీనికి సంబంధం ఉండదు. ఇందాక చెప్పిన 46 డిగ్రీలు ఇక్కడ 36కు దిగివస్తాయి. కెపాసిటర్ల లెక్కలో మనం వెతికిన పది డిగ్రీలు పైసా ఖర్చు లేకుండా, స్క్రూడ్రైవర్ తిప్పే తీరులోనే దొరికాయి. చాలా క్యాబినెట్ల వెనక రేకుకు రెండు విధాలుగానూ బిగించుకునేలా రంధ్రాలుంటాయి కాబట్టి, స్క్రూలు పట్టాయి కదా అని సరైన దిశలో పెట్టినట్టు అనుకోకూడదు. ఫ్యాను ఎటు చూస్తోందో ఒకసారి వంగి చూడాలి.

క్యాబినెట్ అడుగున జాలీ లేకపోతే, ఉన్నా కాళ్లు మరీ పొట్టివై నేలకు ఆనుకుని ఉంటే, కింద తివాచీ ఉంటే, ఫ్యానును పైకి తిప్పడం తప్పదు. అప్పుడది క్యాబినెట్ లోపలి గాలిని వాడుకుంటుంది, కాబట్టి ముందు నుంచి గాలిని లోపలికి తెచ్చే ఫ్యాన్లు బలంగా ఉండాలి. పైకి తిరిగిన ఫ్యానుకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఎస్‌ఎంపీఎస్‌ను కప్పుతూ వచ్చే రేకు, దుకాణాల్లో ష్రౌడ్ అంటారు, దాని పైభాగంలో రంధ్రాలు లేకపోతే ఆ ఫ్యాను మూసిన గదిలో తన గాలినే తాను తిప్పుకుంటుంది. మిగిలిన తీగలన్నిటినీ కనబడకుండా ఆ అరలోకి కుక్కడం మనవాళ్లకు అలవాటు. పైనుంచి చూస్తే అందంగా ఉంటుంది, లోపల ఫ్యాను ముఖానికి తీగల చుట్ట అడ్డంగా ఉంటుంది. ఎక్కువైన తీగలను వెనక, మదర్‌బోర్డు రేకు అవతలి వైపున కట్టి ఉంచడం మేలు.

పాత క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ పైన ఉంటుంది. దాని చరిత్ర కొంచెం చెప్పాలనిపిస్తోంది. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ ప్రమాణాన్ని, అంటే మదర్‌బోర్డు, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ ఒకదానికొకటి సరిపోయేలా కొలతల నియమాలను, తెచ్చినప్పుడు, ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను బయటి గాలిని లోపలికి తీసుకుని ప్రాసెసర్ మీదికి వదలాలన్నది మొదటి ఆలోచన. ఒకే ఫ్యానుతో రెండు పనులు జరిగిపోతాయని అనుకున్నారు. అయితే ఆ గాలి ఎస్‌ఎంపీఎస్ లోపలే వేడెక్కి ప్రాసెసర్‌ను చేరేది, ప్రాసెసర్లేమో ఏటికేడు ఎక్కువ వేడి పుట్టించసాగాయి. దాంతో గాలి దిశను తిప్పేశారు. ప్రాసెసర్ దగ్గరి వేడి గాలిని ఎస్‌ఎంపీఎస్ పీల్చి బయటికి తోయడం మొదలుపెట్టింది. అలా ప్రాసెసర్ బాగుపడింది గాని, ఎస్‌ఎంపీఎస్ పరిస్థితి పొయ్యి పక్కన కూర్చోబెట్టి విసనకర్ర చేతికిచ్చినట్టయింది. అడుగుకు మార్చే పద్ధతి వచ్చాకే దానికి సొంత గాలి దొరికింది. ఇప్పటికీ పాత క్యాబినెట్‌నే వాడుకునేవాళ్లు, వెనక ప్రాసెసర్ ఎదురుగా ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను తప్పక పెట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్ మోసే భారంలో అది కొంత తీసుకుంటుంది.

జీరో ఆర్‌పీఎం అనే సదుపాయం గురించి ఒక మాట. కొన్ని ఖరీదైన యూనిట్లలో, భారం తక్కువగా ఉన్నంతసేపు ఫ్యాను అసలు తిరగదు. నిశ్శబ్దంగా ఉంటుందని అందరూ ముచ్చటపడతారు. ఫ్యాను కిందికి తిరిగి ఉండి, ఆగిపోయి ఉన్నప్పుడు లోపలి వేడికి పైకి పోయే దారి ఉండదు, ఎందుకంటే పైన మూతరేకు ఉంటుంది. ఫ్యాను పైకి తిరిగి ఉంటే ఆ వేడి దానంతట అదే పైకి లేస్తుంది. అందుకని ఇటువంటి యూనిట్లను ఫ్యాను పైకే పెట్టమనేవాళ్లున్నారు, చల్లని దేశాల్లో ఆ వాదనకు బలం ఉంది. చెన్నైలో మాత్రం నా సలహా వేరు. యూనిట్ వెనక ఈ సదుపాయాన్ని ఆపే మీట ఉంటే వేసవిలో ఆపేయండి, ఫ్యానును కిందికే ఉంచండి. నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను చప్పుడు మన సీలింగ్ ఫ్యాను చప్పుడులో ఎలాగూ వినబడదు.

క్యాబినెట్‌ను ఇంట్లో ఎక్కడ ఉంచుతామన్నది కూడా బిగింపులో భాగమేనని నా అభిప్రాయం. కంప్యూటర్ టేబుల్ అని అమ్మే బల్లల్లో ఒక పక్కన సీపీయూ కోసం అర ఉంటుంది, దాని వెనక ప్లైవుడ్ చెక్క మూసి ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ వెనకనుంచి తోసిన వేడి గాలి ఆ చెక్కకు తగిలి, కిందనుంచి చుట్టి వచ్చి మళ్లీ దాని నోట్లోకే పోతుంది. ఆ చెక్కను తీసేయండి, లేదా క్యాబినెట్‌ను అరలోంచి బయటికి తీయండి. గోడకు కనీసం జానెడు దూరం ఉంచండి. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు తొడిగేవాళ్లు, కంప్యూటర్ ఆపిన వెంటనే కాకుండా, పావుగంట ఆగి తొడగాలి.

నేల మీద పెట్టడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎస్‌ఎంపీఎస్ అడుగుకు మారడం గాలికి మేలే గాని, మన ఇళ్లలో నేలంటే రోజూ తడిగుడ్డ పెట్టే చోటు. కిందికి తిరిగిన ఫ్యాను నడుస్తుండగా తడి నేల మీది తేమను, దుమ్మును, ఒక్కోసారి తుంపరను కూడా పీల్చుకుంటుంది. పైగా 2015 డిసెంబరు వరదలను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నీళ్లను చూసిన వేళచ్చేరి, ముడిచ్చూరు వాసులకు నేను చెప్పవలసిన పని లేదు: ఇంట్లోకి అడుగు నీళ్లు వస్తే క్యాబినెట్‌లో మొట్టమొదట మునిగేది 230 వోల్టులు తగిలించి ఉన్న పెట్టే. జానెడు నుంచి మూరెడు ఎత్తున్న గట్టి స్టాండు మీద పెట్టుకుంటే, తడిగుడ్డ బెడద తీరుతుంది, అడుగున గాలి ధారాళంగా ఆడుతుంది, నీళ్లు వచ్చిన రోజున ప్లగ్ తీయడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. నీళ్లలో నానిన ఎస్‌ఎంపీఎస్‌ను ఎండబెట్టి మళ్లీ వాడాలని మాత్రం ఎవరూ అనుకోకండి.

బిగించే వరస తెలిసినవాళ్లు చాలామంది ఇక్కడున్నారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ప్లగ్ తీసి, యూనిట్ వెనక మీటను సున్నా వైపుకు ఉంచాలి. పాత యూనిట్లలో ఎర్రటి 115, 230 మీట ఉంటే అది 230 మీదే ఉందని చూడాలి. 115 మీద ఉంచి మన సాకెట్‌కు తగిలిస్తే కెపాసిటర్లు పేలిపోతాయి. ఏటీఎక్స్ యూనిట్ వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లుగా ఎప్పుడూ ఒకటే గాని, లోతు 140 నుంచి 180 దాకా మారుతుంది. తీగలు వంగడానికి ఇంకో రెండు అంగుళాలు కావాలి కాబట్టి ముందున్న హార్డ్‌డిస్కు గూడును ఒక్కోసారి తీసేయవలసి వస్తుంది. తీగలు విడిగా వచ్చే మాడ్యులర్ యూనిట్ అయితే కావలసిన తీగలను ముందే దానికి తగిలించి తరువాత లోపలికి జరపండి, ఒకసారి లోపలికి వెళ్లాక చెయ్యి పట్టదు. పాత యూనిట్ తీగలను కొత్త యూనిట్‌కు వాడవద్దు. కొస సరిగ్గా పట్టినా లోపల పిన్నుల వరస కంపెనీ కంపెనీకీ, ఒకే కంపెనీలో మోడల్‌కూ మోడల్‌కూ కూడా మారుతుంది, 5 వోల్టులు పోవలసిన చోటికి 12 పోయి హార్డ్‌డిస్కులు మాడిపోతాయి. నాలుగు స్క్రూలనూ ముందు చేత్తో కొద్దిగా పట్టించి, తరువాత ఎదురెదురు మూలలుగా బిగించాలి. ఇవి 6-32 రకం లావు మర స్క్రూలు; ఎస్‌ఎస్‌డీకి వాడే సన్న మర ఎం3 స్క్రూలను ఇక్కడ వాడితే పట్టు ఉండదు.

ప్రాసెసర్‌కు పోయే ఎనిమిది పిన్నుల తీగను మదర్‌బోర్డు బిగించకముందే వెనకనుంచి పై మూలకు తెచ్చి ఉంచండి. గ్రాఫిక్స్ కార్డు ఎనిమిది పిన్నుల తీగ కూడా చూడ్డానికి దానిలాగే ఉంటుంది గాని, రెండింటిలో 12 వోల్టులూ గ్రౌండూ తారుమారుగా ఉంటాయి, బలవంతంగా దూర్చవద్దు. గ్రాఫిక్స్ కార్డుకు రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లుంటే రెండు వేరు వేరు తీగలు ఇవ్వండి. 2022 నుంచి వస్తున్న పదహారు పిన్నుల కనెక్టరు 600 వాట్ల దాకా మోస్తుంది. అది పూర్తిగా లోపలికి దిగకపోతే, లేదా దిగిన చోటే మెడ విరిచినట్టు వంగితే, కొద్దిపాటి స్పర్శ మీదే కరెంటంతా పోయి ప్లాస్టిక్ కరిగిపోతుంది. కనెక్టరు నుంచి కనీసం 35 మిల్లీమీటర్లు నిటారుగా వచ్చాకే తీగను వంచాలి.

ఎర్తింగ్ గురించి కొంచెం నిదానంగా చెబుతాను. జార్జ్ టౌన్, మైలాపూర్ పాత ఇళ్లలో చాలామంది నాతో చెప్పే మాట ఒకటుంది: క్యాబినెట్ రేకు తగిలితే చెయ్యి జివ్వుమంటుందని, టెస్టర్ పెడితే వెలుగుతోందని. ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిందని దాన్ని మార్చేస్తారు, కొత్తది పెట్టినా జివ్వుమంటూనే ఉంటుంది. అలా జరగడానికి కారణం ఉంది. ప్రతి ఎస్‌ఎంపీఎస్ ముంగిట్లో కరెంటు తీగలోకి రొద వెళ్లకుండా ఆపే ఫిల్టరు ఉంటుంది. అందులో ఒక చిన్న కెపాసిటర్ ఫేజు నుంచి రేకుకు, మరొకటి న్యూట్రల్ నుంచి రేకుకు ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే రేకు రెండింటికీ నడుమ, దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. అలా వచ్చే కరెంటు మిల్లీఆంపియరు కంటే తక్కువే కాబట్టి ప్రాణం తీయదు, కాని అది చెప్పే వార్త పెద్దది: ఈ ఇంట్లో ఎర్త్ లేదు, రేపు లోపల నిజంగా ఫేజు తీగ తెగి రేకుకు తగిలితే కరెంటు పోవడానికి మీ చెయ్యి తప్ప దారి లేదు. మూడు పిన్నుల్లో లావు పిన్నును కోసేసి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టేవాళ్లు ఆ దారిని తామే మూసేస్తున్నారు. ఎస్‌ఎంపీఎస్ నుంచి క్యాబినెట్‌కు ఎర్త్ చేరేది ప్రధానంగా ఆ నాలుగు స్క్రూల ద్వారానే. రెండు స్క్రూలు చాల్లే అని వదిలేయకపోవడానికి అది కూడా ఒక కారణం.

మన ఊరికి ప్రత్యేకమైన ఇంకో ఇబ్బంది ఉప్పు గాలి. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు, తిరువొత్తియూరు వంటి తీరపు పేటల్లో ఎస్‌ఎంపీఎస్ లోపల పేరుకున్న దుమ్ము ఉత్త దుమ్ము కాదు, ఉప్పు కలిసిన దుమ్ము. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, ఆ తేమ ఎక్కువ వోల్టేజీ ఉన్న చోట్ల మధ్య వంతెనవుతుంది. అందుకని తీరం దగ్గర ఉన్నవాళ్లు అడుగు ఫిల్టరును నెలకొకసారి, మిగిలినవాళ్లు రెండు మూడు నెలలకొకసారి తీసి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టుకోవాలి. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను ఒక పుల్లతో ఆపి పట్టుకోండి. క్యాబినెట్ వెనక వాడని స్లాట్లకు రేకులు లేకపోతే బిగించండి. వెచ్చగా ఉండే చోటు వెతుక్కుంటూ బల్లులు, బొద్దింకలు అక్కడినుంచే లోపలికి వస్తాయి, ఒక బల్లి రెండు పిన్నుల మధ్య పడితే దాని ప్రాణంతో పాటు బోర్డు ప్రాణమూ పోతుంది. (నవ్వులు) ఏం చేసినా ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం విప్పకండి. ఇందాక చెప్పిన పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ తీసేశాక కూడా వందల వోల్టులు మిగిలి ఉండవచ్చు.

వేడి ఎక్కువైందని ఎలా తెలుస్తుందంటే, ఆట మొదలుపెట్టిన అరగంటకు కంప్యూటర్ ఠక్కున ఆగిపోయి, మీట నొక్కినా లేవక, పది నిమిషాలు ఆగాక మామూలుగా లేస్తే, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోందని అనుమానించవచ్చు. అదే చల్లటి గదిలో జరగకపోతే అనుమానం బలపడుతుంది. వెనక జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడి గాలి జోరుగా వస్తుంటే ఫ్యాను పని చేస్తోందన్నమాట, రేకు కాలుతూ గాలి రాకపోతే వెంటనే ఆపేయండి. బయోస్‌లో, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు తెరవగల సెట్టింగుల తెరలో, 12 వోల్టుల లైను 11.4 కు 12.6 కు మధ్య ఉండాలి. అక్కడ కనిపించే అంకె అంత కచ్చితమైనది కాదు గాని, 11.4 కంటే బాగా కింద చూపిస్తే మల్టీమీటరుతో కొలిపించండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగవచ్చు.

(సభలోంచి ప్రశ్న: అయితే చివరికి ఎన్ని వాట్లది కొనాలి సార్?)

ఆ ప్రశ్నను నేను తప్పించుకోను. మీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పూర్తి భారంలో వాడేది కూడుకుని, మిగతా సామానుకు యాభై అరవై వాట్లు కలపండి. ఆ మొత్తం ఎస్‌ఎంపీఎస్ అంకెలో సగానికీ అరవై శాతానికీ మధ్య వచ్చేలా కొనండి. 350 వాట్ల కంప్యూటర్‌కు 650 సరిపోతుంది. చాలా యూనిట్ల సామర్థ్యం సగం భారం దగ్గరే ఎక్కువగా ఉంటుంది, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, వేసవిలో కొంత వెసులుబాటు మిగులుతుంది. అలాగని 1,000 వాట్లది కొంటే మేలేమీ లేదు. మెయిల్ చదువుకునేటప్పుడు అది అయిదారు శాతం భారం మీద నడుస్తూ సామర్థ్యం కోల్పోతుంది. ఇంకొకటి, లేబుల్ మీద మొత్తం వాట్లు కాకుండా 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. క్యాబినెట్‌తో కలిపి చవకగా ఇచ్చే పెట్టె మీద 450 వాట్లు అని రాసి, 12 వోల్టుల కింద 18 ఆంపియర్లే ఉంటే, ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ దక్కేది 216 వాట్లు మాత్రమే.

(మరొక ప్రశ్న: ఎండాకాలంలో పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాను పెడితే సరిపోదా?)

మన ఇళ్లలో ఇది బాగా వాడుకలో ఉన్న పద్ధతే. గ్రాఫిక్స్ కార్డుకు, ప్రాసెసర్‌కు దానివల్ల నాలుగైదు డిగ్రీలు తగ్గవచ్చు, ముఖ్యంగా ముందు భాగం గాజుతో మూసి ఉన్న క్యాబినెట్లలో. ఫ్యాను కిందికి తిరిగి, అడుగునుంచి గాలి తీసుకునే ఎస్‌ఎంపీఎస్‌కు దానివల్ల ఒరిగేది ఏమీ లేదు, ఎందుకంటే దాని అర విడిగా మూసి ఉంటుంది. ఫ్యాను పైకి తిరిగి ఉన్నవాళ్లకైతే కొంత లాభం ఉంటుంది. రెండు రోజుల పనికి, కొత్త ఫ్యాను వచ్చేదాకా, అలా నడుపుకోవచ్చు. నెలల తరబడి తెరిచి ఉంచితే ముందు ఫిల్టరు దాటకుండా దుమ్ము నేరుగా బోర్డు మీద పడుతుంది, తీరం దగ్గరైతే ఉప్పుతో సహా. ఇంట్లో చిన్నపిల్లలు పాకుతూ తిరుగుతుంటే అసలు వద్దు. ఆ టేబుల్ ఫ్యాను డబ్బుతో రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు వస్తాయి. ఒకటి ముందు కింది భాగంలో లోపలికి, ఒకటి వెనక పైభాగంలో బయటికి బిగించి, తలుపు మూసేయండి.